నవంబరు నుంచి గరాజ్‌లో ఉన్న ఎంటీ-07: స్టార్ట్ చేసే ముందు ఏ వరసలో చూడాలి?

మిషిగన్_బండి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. డెట్రాయిట్‌కి పడమర వైపు ఉంటాం. బండి 2018 యమహా ఎంటీ-07, 11,000 మైళ్లు తిరిగింది. నవంబరు మొదటి వారంలో గరాజ్‌లో పెట్టి కవర్ కప్పాను. గరాజ్‌కి హీటింగ్ లేదు. బ్యాటరీ విప్పలేదు, ఛార్జర్ తగిలించలేదు. ట్యాంకులో సగం పెట్రోలు ఉంది, స్టెబిలైజర్ (పెట్రోలు త్వరగా పాడవకుండా కలిపే మందు) కలపలేదు. ఆయిల్ మార్చింది పోయిన జూన్‌లో. బండి సైడ్ స్టాండు మీదే ఉంది.

ఇవాళ కవర్ తీసి చూస్తే:

బ్యాటరీ 11.7 వోల్టులు. ముందు టైరులో 24 పీఎస్ఐ, వెనక 27. చైన్ పక్క ప్లేట్ల మీద ఎర్రగా తుప్పు. బ్రేకు డిస్కుల మీద కూడా సన్నగా తుప్పు పొర. సీటు తీస్తే పొద్దుతిరుగుడు గింజల తొక్కలు, కాస్త దూది లాంటిది కనిపించాయి.

కారు బ్యాటరీ నుంచి జంప్ ఇచ్చి స్టార్ట్ చేయొచ్చా? ఆ పెట్రోలు పనికొస్తుందా? షాపుల్లో ఏప్రిల్ అంతా లైను ఉంటుంది కాబట్టి నేనే చేసుకోవాలని. సాకెట్ సెట్టు, టార్క్ రెంచ్, మల్టీమీటర్ ఉన్నాయి. వెనక చక్రం లేపే స్టాండు లేదు.

---

పానా_పట్టు

జంప్ ఇవ్వకండి. అసలు స్టార్టర్ బటన్ ఇప్పుడే నొక్కకండి. చాలామంది స్టార్ట్ అయితే చాలు, బండి రెడీ అనుకుంటారు. స్టార్ట్ చేయడం ఈ పనులన్నిట్లో చివరిది. మీ బండి విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే సీటు కింద తొక్కలు ఉన్నాయంటే చుంచెలుకలు చేరినట్టే. ఎయిర్ బాక్సులో (ఎయిర్ ఫిల్టర్ ఉండే డబ్బాలో) గూడు ఉండి మీరు ఇంజన్ తిప్పితే ఆ దూదంతా ఫిల్టర్‌కి అతుక్కుంటుంది. ఫిల్టర్ కొరికేసి ఉంటే నేరుగా థ్రాటిల్ బాడీలోకి పోతుంది. కొరికిన వైర్లు ఉంటే ఇగ్నిషన్ ఆన్ చేయగానే షార్ట్ అయ్యి ఫ్యూజు పోవచ్చు, ఇంకా ఖరీదైనదే పోవచ్చు.

కాబట్టి ముందు ఎలుకల సంగతి. మీ ప్రాంతంలో తిరిగే డీర్ మౌస్ అనే చుంచెలుక పెంటలో, మూత్రంలో హంటా వైరస్ ఉండే అవకాశం ఉంది. అరుదే, కానీ ఊపిరితిత్తులకి సోకితే ప్రాణం మీదికి వస్తుంది. చీపురుతో ఊడ్చడం, వాక్యూమ్ పెట్టడం, కంప్రెసర్ గాలి కొట్టడం, ఈ మూడూ వద్దు. దుమ్ము లేచి ముక్కులోకి పోయేది అప్పుడే. గరాజ్ తలుపు తీసి ఒక అరగంట గాలి ఆడనివ్వండి. చేతులకి రబ్బరు గ్లవ్స్ వేసుకుని, ఇంట్లో వాడే డిసిన్ఫెక్టెంట్ స్ప్రేతో తొక్కలూ దూదీ బాగా తడిసేలా కొట్టి, 5 నిమిషాలు ఆగి, పేపర్ టవల్‌తో ఎత్తి సంచిలో కట్టేయండి. నేల మీదైతే ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి వాడొచ్చు. బండి మీద మాత్రం బ్లీచ్ వద్దు, అల్యూమినియంనీ కనెక్టర్లనీ తినేస్తుంది.

తర్వాత ట్యాంకు లేపి ఎయిర్ బాక్సు మూత విప్పండి. ఫిల్టర్ బయటికి తీసి వెలుతురుకి పట్టి చూడండి. వాసన పట్టినా, చిల్లు ఉన్నా కొత్తది వేయండి, శుభ్రం చేసి వాడే ఆలోచన వద్దు. టార్చి వేసి వైరింగ్ చూసేటప్పుడు ఫ్రేముకి ఆనుకుని పోయే చోట్లు, హెడ్‌లైట్ వెనక గుత్తి, బ్యాటరీ చుట్టుపక్కల ప్రత్యేకంగా చూడండి. పైపొర మాత్రమే గీరుకుని రాగి కనపడకపోతే టేపు చాలు. రాగి తేలితే అక్కడ కోసి సోల్డర్ చేసి హీట్ ష్రింక్ వేయాలి. సైలెన్సర్ గొట్టంలోకి కూడా టార్చి వేయండి, అక్కడా గింజలు దాస్తాయి.

ఇక బ్యాటరీ. మీ బండిలో ఉండేది వైటీజెడ్10ఎస్, 8.6 ఆంపియర్-అవర్. 11.7 అంటే దాదాపు ఖాళీ. నిండుగా ఛార్జ్ ఉన్న బ్యాటరీలో యాసిడ్ మీ దగ్గర పడే చలికి గడ్డకట్టదు. ఖాళీ అయిన బ్యాటరీలో యాసిడ్ పలచబడి నీళ్లకి దగ్గరవుతుంది, మైనస్ 10 సెల్సియస్ దగ్గర్లోనే గడ్డకట్టేయగలదు. మీ గరాజ్‌లో జనవరిలో అంత చలి పడే ఉంటుంది. అందుకని బయటికి తీసి నాలుగు పక్కలా వేలితో తడిమి చూడండి. డొక్క ఉబ్బినా, మూల పగిలినా దానికి ఛార్జింగ్ పెట్టొద్దు, నేరుగా కొత్తది కొనండి.

విప్పేటప్పుడు ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. పాజిటివ్ విప్పుతుండగా పానా ఫ్రేముకి తగిలినా నెగటివ్ ఊడి ఉంటే ఏమీ కాదు. టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో చిలుము ఉంటే వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి, ఆరాక బిగించి, పైన కాస్త వ్యాసలిన్ రాయండి.

ఛార్జర్ 1 ఆంపియర్ దగ్గర ఉండాలి. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు కరెంటు అనేది లెక్క, దీనికి 0.9. కార్లకి వాడే 10 ఆంపియర్ ఛార్జర్ పెడితే వేడెక్కి ప్లేట్లు పాడవుతాయి. ఒక రాత్రంతా పడుతుంది. పచ్చ లైటు వచ్చాక ఛార్జర్ తీసేసి ఇంకో రాత్రి ఊరికే వదిలేసి అప్పుడు కొలవండి. 12.8 లేదా ఆ పైన నిలబడితే మంచిది. 12.4కి జారితే అది పోయినట్టే లెక్క, ఒకటి రెండు వారాల్లో ఎక్కడో ఆపేస్తుంది.

జంప్ ఎందుకు వద్దంటున్నానంటే, ఖాళీ బ్యాటరీని నింపే పని బండిలో స్టేటర్ (కరెంటు పుట్టించేది), రెగ్యులేటర్ (ఆ కరెంటుని అదుపు చేసేది) మీద పడుతుంది. నడుస్తున్న బండిలో ఖర్చైన కాస్త ఛార్జ్ తిరిగి నింపడానికే అవి ఉన్నాయి. గంటల తరబడి పూర్తి లోడు మీద ఉంటే అవి కాలిపోవచ్చు. ఎప్పుడైనా దారిలో తప్పనిసరై జంప్ ఇవ్వాల్సి వస్తే కారు ఇంజన్ ఆపేసి ఉంచాలి, నెగటివ్ క్లిప్పు బండి ఇంజన్‌లో రంగు వేయని లోహానికి పెట్టాలి.

---

పాతకార్బ్

పెట్రోలు గురించి నేను చెప్తాను.

ఇక్కడ బంకుల్లో దొరికేది ఎక్కువగా 10 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్ గాల్లో తేమ లాగుతుంది. కొంత వరకూ ఆ నీటిని తనలో కలుపుకుని ఉంచుతుంది. ఆ హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకి దిగుతాయి. చలి పెరిగేకొద్దీ ఆ హద్దు తగ్గుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి ఎక్కువ, పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతుంటే లోపలి గోడల మీద చెమ్మ పడుతుంది. ఫ్యూయల్ పంపు ఉండేది ట్యాంకు అడుగునే, అంటే ముందుగా ఆ నీటినే పీలుస్తుంది.

ఇంకొకటి, పెట్రోలులో త్వరగా ఆవిరయ్యే భాగాలు ముందు పోతాయి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అవడానికి పనికొచ్చేవి అవే. స్టెబిలైజర్ లేని పెట్రోలుకి మూడు నెలలు అని ఒక గడువు పెట్టుకోండి, మీది అయిదు దాటింది.

పరీక్ష సులువు. చేతి పంపుతో ట్యాంకు అడుగు నుంచి ఒక గాజు సీసాలోకి అర లీటరు లాగి పావుగంట కదపకుండా పెట్టండి. తేటగా ఉండి మామూలు పెట్రోలు వాసన వస్తే పర్వాలేదు. మధ్యలో గీత గీసినట్టు రెండు పొరలు కనపడినా, మబ్బుగా ఉన్నా, రంగు డబ్బా తెరిచినప్పటి ఘాటు వాసన వచ్చినా మొత్తం తీసేయాల్సిందే. తేటగా ఉంటే ట్యాంకు నిండా కొత్త పెట్రోలు పోసి సగం సగం చేసి వాడేయొచ్చు. ఎంటీ-07 ట్యాంకు 14 లీటర్లు, మీ దగ్గర ఉన్నది 7 లీటర్లు. నన్నడిగితే ఆ 7 లీటర్లూ తీసి, తేటగా ఉన్నదైతే నిండు ట్యాంకున్న కారులో కలిపేసి, బండిలో కొత్తది పోస్తాను. ఇంజెక్టర్ శుభ్రం చేయించే ఖర్చు ముందు 7 లీటర్ల పెట్రోలు ఎంత! పాడైన పెట్రోలు మాత్రం మురుగులో పోయొద్దు, మీ కౌంటీ వాళ్లు ఇళ్లలోని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే రోజున ఇవ్వండి.

వచ్చే నవంబరుకి: స్టెబిలైజర్‌గా ఎర్ర స్టా-బిల్ అయితే రెండున్నర గ్యాలన్లకి 1 ఔన్సు, మీ నిండు ట్యాంకుకి ఒకటిన్నర ఔన్సులు. పోశాక పది నిమిషాలు నడపాలి, అప్పుడే ఇంజెక్టర్ల దాకా చేరుతుంది. ట్యాంకు అంచు దాకా నింపి పెట్టండి, గాలికి చోటు లేకపోతే చెమ్మకీ చోటు ఉండదు.

---

ఒహాయో_పాతబండి

మధ్యలో వస్తున్నా, క్షమించండి. నాది కార్బురేటర్ బండి, పాత సుజుకి. ఇదే పరిస్థితి, చలికాలం అంతా ఆపేసి ఉంది. చోక్ వేస్తే స్టార్ట్ అవుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. థ్రాటిల్ సగం పైన పట్టుకుంటే బాగానే తిరుగుతుంది. బ్యాటరీ కొత్తది, ప్లగ్గులు శుభ్రంగానే ఉన్నాయి.

---

పాతకార్బ్

పైలట్ జెట్ మూసుకుపోయిందండీ. మీరు చెప్పిన మూడు లక్షణాలూ దాన్నే చూపిస్తున్నాయి. ఐడ్లింగ్‌లో, అంటే థ్రాటిల్ తిప్పకుండా ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, దానికి పెట్రోలు అందేది ఆ జెట్టు గుండానే. దాని రంధ్రం అర మిల్లీమీటరు కంటే సన్నం. ఫ్లోట్ బౌల్‌లో (కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నెలో) మిగిలిన పెట్రోలు ఆవిరైపోగా మిగిలే పసుపుపచ్చ జిగురు ముందు మూసేది దాన్నే. థ్రాటిల్ ఎక్కువ తెరిచినప్పుడు మెయిన్ జెట్ పని చేస్తుంది, దాని రంధ్రం పెద్దది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు.

ముందు బౌల్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ విప్పి పాత పెట్రోలు వదిలేయండి. కొత్త పెట్రోలులో సీ ఫోమ్ లాంటి క్లీనర్ కలిపి, స్టార్ట్ చేసి కాసేపు తిప్పి, ఒక రాత్రి నాననివ్వండి. జిగురు పలచగా ఉంటే కొన్నిసార్లు దీంతోనే వదులుతుంది. లేకపోతే కార్బురేటర్లు దించాల్సిందే. జెట్టు విప్పి కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, గాలి కొట్టి, వెలుతురుకి పట్టి చూడండి. గుండ్రంగా, పూర్తిగా వెలుగు కనపడాలి. గుండుసూదో ఉక్కు తీగో దూర్చొద్దు. జెట్టు ఇత్తడిది, చటుక్కున గీరుకుని రంధ్రం పెద్దదైపోతుంది, ఆ తర్వాత ఐడ్లింగ్ ఎప్పటికీ సరిగా రాదు. రాగి వైరులోంచి తీసిన ఒక్క పోగు అయితే మెత్తగా ఉంటుంది, దాన్ని వాడండి.

పైలట్ స్క్రూ విప్పేముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ పూర్తిగా ఆనడానికి ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోండి, ఒక్కో కార్బురేటర్‌కి విడిగా. తిరిగి బిగించేటప్పుడు ఆ లెక్కే మీకు దారి. గట్టిగా బిగించేస్తే దాని మొన విరుగుతుంది. ఫ్లోట్ బౌల్ గాస్కెట్లు ముందే తెప్పించి ఉంచుకోండి, పాతవి ఉబ్బిపోయి గాడిలో తిరిగి కూర్చోవు.

---

చైన్_స్ప్రాకెట్

మిషిగన్ అన్నా, టైర్లు, చైన్, బ్రేకులు నా వంతు.

టైర్లలో మీ బండికి చల్లగా ఉన్నప్పుడు ముందు 33, వెనక 36 ఉండాలి. 9 పీఎస్ఐ పోయిందని కంగారు పడక్కర్లేదు. ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ తగ్గితే సుమారు 1 పీఎస్ఐ దానంతటదే పడిపోతుంది. నవంబరులో 60 ఉన్నప్పుడు నింపి ఇప్పుడు 35లో కొలిస్తే రెండున్నర అక్కడే పోయింది. మిగతాది అయిదు నెలల్లో రబ్బరులోంచి మెల్లగా కారిపోయేదే. నింపాక రెండు రోజులు ఆగి మళ్లీ కొలవండి. ఒక టైరు మాత్రమే 3, 4 తగ్గితే సబ్బు నీళ్లు పోసి వాల్వు దగ్గరా రిమ్ము అంచునా బుడగలు వస్తున్నాయేమో చూడండి.

అంతకంటే ముఖ్యం టైరు వయసు. పక్క గోడ మీద డీఓటీ అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం. 11,000 మైళ్లకి వెనక టైరు ఒకసారైనా మార్చి ఉంటారు, ముందుది మాత్రం బండితో వచ్చినదే అయ్యుండొచ్చు. అదే అయితే గీతలు ఎంత లోతున్నా సరే మార్చేయండి. పాతబడ్డ రబ్బరు గట్టిపడుతుంది, చల్లటి రోడ్డు మీద అసలు పట్టు ఇవ్వదు. గాలి తక్కువగా నెలల తరబడి ఒకే చోట నిలబడింది కాబట్టి నేలకి ఆనిన చోట కాస్త చదును కూడా అయ్యుంటుంది. మొదటి కొన్ని మైళ్లు దడదడ అనిపించి టైరు వేడెక్కాక పోతే మంచిదే. పోకపోతే టైరు లోపలి కట్టు దెబ్బతిన్నట్టు.

చైన్ పక్క ప్లేట్ల మీద తుప్పు చూడటానికే అసహ్యం, బలానికి ఢోకా లేదు. లింకుల మధ్య ఓ-రింగులు ఎండి పగిలాయా, లింకులు బిగుసుకుపోయాయా అన్నదే చూడాలి. కిరోసిన్‌లో ముంచిన గుడ్డ, మెత్తటి నైలాన్ బ్రష్ చాలు. పెట్రోలు, బ్రేక్ క్లీనర్, ఇనుప బ్రష్ వాడితే ఓ-రింగులు పోతాయి. తుడిచి ఆరాక బండిని కొంచెం కొంచెంగా ముందుకి తోస్తూ ఒక్కో లింకూ స్ప్రాకెట్ మీద వంగి తిరిగి నిటారుగా అవుతోందో లేదో చూడండి. వంకరగా ఉండిపోయే లింకులు లూబ్ వేసి నాలుగైదుసార్లు చేత్తో వంచినా కదలకపోతే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చాలి. వెనక స్ప్రాకెట్ మీద చైన్‌ని వెనక్కి లాగినప్పుడు పన్నులో సగం బయటపడినా అంతే.

స్టాండు లేదన్నారు. బండిని ఎలాగోలా లేపి, ఇంజన్ ఆన్ చేసి గేరులో చక్రం తిప్పుతూ చైన్ తుడవడం ఎప్పుడూ చేయొద్దు. గుడ్డ చైన్‌లో పడితే వేళ్లు స్ప్రాకెట్ దాకా లాగేస్తుంది. బండి తోస్తూ పని చేయడం విసుగే, అయినా అదే దారి.

చైన్ వదులు ఎంత ఉండాలి అన్నదాంట్లో ఈ బండి మిగతావాటిలా కాదు. మీ ఏడాది మోడల్‌కి సైడ్ స్టాండు మీద ఉన్నప్పుడు 51 నుంచి 56 మిల్లీమీటర్లు. వేరే బండ్ల అలవాటుకొద్దీ 30కి బిగిస్తే గుంతలో పడి స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) పైకి లేచినప్పుడు చైన్ తీగలా బిగుసుకుని గేర్‌బాక్స్ బయటి బేరింగ్ మీద లాగుతుంది. చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, ఎక్కడ ఎక్కువ బిగుతుగా ఉందో అక్కడి కొలతనే లెక్కలోకి తీసుకోండి. రెండు వైపులా అడ్జస్టర్ గీతలు ఒకేలా ఉండాలి. వెనక యాక్సిల్ నట్టు 105 న్యూటన్ మీటర్లు. బిగించాక వదులు మళ్లీ కొలవండి, నట్టు బిగిస్తుంటే కాస్త మారుతుంది.

డిస్కుల మీద తుప్పు పొర మామూలే. బ్రేక్ క్లీనర్ కొట్టిన గుడ్డతో తుడిచి, నడిపేటప్పుడు మొదట్లో ఏడెనిమిదిసార్లు మెల్లగా బ్రేకు వేస్తే పోతుంది. ప్యాడ్ ఆనిన చోట మాత్రం ముద్ర పడి గుంత తేలితే వేరే సంగతి. బండి తోసి చూడండి. బ్రేకు వదిలాక కూడా చక్రం బరువుగా తిరుగుతుంటే క్యాలిపర్ పిస్టన్లు పట్టేసినట్టు.

బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో చెప్పలేదు. రెండేళ్లకోసారి మార్చాలి, డాట్ 4. అది కూడా తేమ లాగేదే. కొత్త డాట్ 4 మరిగే కనీస ఉష్ణోగ్రత 230 సెల్సియస్, తేమ పట్టాక 155కి దిగుతుంది. లోపల తుప్పు కూడా మొదలవుతుంది, దీని దెబ్బ ఏబీఎస్ యూనిట్‌కి తగిలితే ఖర్చు చాలా పెద్దది. రిజర్వాయర్ కిటికీలోంచి టీ రంగు కనపడితే తేదీ గుర్తు చేసుకునే పని కూడా లేదు, మార్చేయండి. యమహా మాన్యువల్ ప్రకారం బ్రేకు గొట్టాలు కూడా నాలుగేళ్లకోసారి మార్చాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

---

మిషిగన్_బండి

అందరికీ చాలా థాంక్స్. ఎయిర్ బాక్సులో గూడు ఉంది! ఫిల్టర్ మూల కొరికేసి ఉంది, కొత్తది ఆర్డర్ పెట్టాను. వైర్లు బాగానే ఉన్నాయి. పెట్రోలు తేటగానే ఉంది, అయినా తీసేశాను. బ్యాటరీ ఉబ్బలేదు కానీ ఛార్జ్ చేసి ఒక రాత్రి వదిలేస్తే 12.3కి వచ్చింది. ముందు టైరు 1018. వెనకది 2022ది.

ఇంకో రెండు సందేహాలు. ఆయిల్ ఇప్పుడు మార్చాలా, స్టార్ట్ చేశాకా? ముందు బ్రేకు లీవర్ కాస్త మెత్తగా ఉంది, ఇంకో రెండుసార్లు నొక్కితే గట్టిపడుతోంది.

---

పానా_పట్టు

12.3 అంటే కొత్త బ్యాటరీ కొనండి, దాంతో కాలయాపన వద్దు. లిథియం బ్యాటరీ కొనాలనుకుంటే దానికి లిథియం ఛార్జరే వాడాలి. చలి ఎక్కువున్న ఊళ్లో ఏజీఎం (సీలు చేసిన లెడ్-యాసిడ్ రకం) బ్యాటరీయే నిశ్చింత అని నా అభిప్రాయం.

ఆయిల్ స్టార్ట్ చేశాక మార్చండి. జూన్ నుంచి నవంబరు దాకా తిరిగిన ఆయిల్‌లో ఆమ్లాలు, నీరు, కొంచెం పెట్రోలు ఉంటాయి, అవి అడుగుకి దిగి ఉన్నాయి. అయిదు నిమిషాలు వేడెక్కనిస్తే అవన్నీ ఆయిల్‌లో కలిసి పలచగా బయటికి వస్తాయి. స్టార్ట్ చేసేది మాత్రం బండిని పూర్తిగా బయటికి తోసి. గరాజ్ తలుపు తీసే ఉంది కదా అని లోపల స్టార్ట్ చేస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరుతుంది, దానికి వాసన ఉండదు.

స్టార్ట్ చేసేముందు పాత ఆయిల్ మట్టం చూడండి. చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ రిజర్వాయర్ గీతల మధ్య ఉందో లేదో చూడండి. ఇగ్నిషన్ ఆన్ చేస్తే రెండు మూడు సెకన్లు ఫ్యూయల్ పంపు గుయ్‌మని వినపడాలి. వినపడకపోతే ఫ్యూజు, కనెక్టర్ చూడాలి, ఊరికే స్టార్టర్ నొక్కుతూ పోకూడదు. అయిదు సెకన్ల కంటే ఎక్కువ నొక్కకుండా మధ్యలో పది సెకన్లు ఆగండి. స్టార్ట్ అయ్యాక థ్రాటిల్ మెలిపెట్టొద్దు, ఆయిల్ పైదాకా ఎక్కనివ్వండి. 5,000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద 14 వోల్టుల దగ్గర చూపించాలి. 13 దాటకపోయినా, 15 దాటినా ఛార్జింగ్‌లో లోపం ఉంది.

ఆయిల్ 10డబ్ల్యూ-40, డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్‌లో మునిగే క్లచ్ ఉన్న బండ్లకి సరిపడే రకం) అని ఉండాలి. ఇంధనం ఆదా అని రాసి ఉండే కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది, ఈ బండిలో క్లచ్ మునిగి ఉండేది ఇంజన్ ఆయిల్‌లోనే. ఫిల్టర్‌తో సహా మారిస్తే 2.6 లీటర్లు. ముందు 2.4 పోసి, స్టార్ట్ చేసి ఆపి, మూడు నిమిషాలు ఆగి మట్టం చూసి మిగతాది పోయండి. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వేసి 43 న్యూటన్ మీటర్లు. ఫిల్టర్ రబ్బరు రింగుకి కొత్త ఆయిల్ రాయండి. పాత ఫిల్టర్ రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోలేదని వేలితో తడిమి చూసుకోండి, రెండు రింగులు పడితే ఆయిల్ చిమ్ముతుంది.

మొదటి గేరు వేసేముందు ఒక మాట. నెలలు ఆగిన బండికి క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. క్లచ్ పట్టుకుని గేరు వేసినా బండి ముందుకి గెంతుతుంది, ఎదురుగా గోడో కారో ఉంటే గుద్దేస్తుంది. ఇంజన్ ఆపి, గేరులో ఉంచి, క్లచ్ పూర్తిగా పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. చక్రం స్వేచ్ఛగా కదిలేదాకా ఊపాక అప్పుడు స్టార్ట్ చేయండి. క్లచ్ లీవర్ కొసన 5 నుంచి 10 మిల్లీమీటర్ల ఆట ఉండాలి.

---

చైన్_స్ప్రాకెట్

రెండోసారి నొక్కితే గట్టిపడుతోందంటే లైనులో గాలి ఉంది. ఆ లీవర్‌తో రోడ్డెక్కొద్దు అన్నా. ఎలాగూ ఫ్లూయిడ్ మార్చాలి కాబట్టి రెండు పనులూ కలిసొస్తాయి.

ట్యాంకు మీద, ఫెండర్ మీద తడి గుడ్డలు కప్పండి, ఫ్లూయిడ్ పడితే రంగు లేచిపోతుంది. సీలు తీయని కొత్త డాట్ 4 సీసా తెచ్చుకోండి. రిజర్వాయర్‌లో పాతది సిరంజితో లాగేసి కొత్తది పోయండి. క్యాలిపర్ మీద గాలి వదిలే నిపుల్‌కి రింగు పానా పెట్టి, పైన పారదర్శకమైన గొట్టం తొడిగి, గొట్టం కొస కొంచెం ఫ్లూయిడ్ ఉన్న సీసాలో ముంచండి. లీవర్ మెల్లగా నొక్కి పట్టుకుని నిపుల్ పావు చుట్టు తెరవండి, మూయండి, అప్పుడు లీవర్ వదలండి. మూయకముందే లీవర్ వదిలితే గాలి తిరిగి లోపలికే పోతుంది. నాలుగైదుసార్లకొకసారి రిజర్వాయర్ చూస్తూ పోస్తుండాలి, కింది గీత కంటే దిగితే పని మళ్లీ మొదటికే. గొట్టంలో బుడగలు ఆగి కొత్త ఫ్లూయిడ్ రంగు వచ్చాక ముందు చక్రం రెండో క్యాలిపర్, ఆ తర్వాత వెనక బ్రేకు. ఇంకా కాస్త మెత్తగా ఉంటే లీవర్‌ని హ్యాండిల్‌కి కట్టి ఒక రాత్రి వదిలేయండి, సన్నటి బుడగలు పైకి చేరతాయి. అప్పటికీ మారకపోతే షాపుకే, ఏబీఎస్ యూనిట్‌లో గాలి చిక్కి ఉంటుంది.

1018 టైరు గురించి వేరే చెప్పక్కర్లేదు కదా. దుకాణంలో ముందు చక్రం విప్పినప్పుడు వీల్ బేరింగులు వేలితో తిప్పి చూడమనండి. ఫోర్కు గొట్టాల మీద నూనె ఉంగరంలా కనపడుతుందేమో కూడా చూడండి. సీలు పెదవి కింద ఇసుక చిక్కుకుంటే పలచటి ప్లాస్టిక్ రేకుతో మెల్లగా గోకి తీస్తే చాలాసార్లు కారడం ఆగుతుంది. ఆగకపోతే సీళ్లు మార్చాలి, ఎందుకంటే ఆ నూనె దిగేది నేరుగా బ్రేకు ప్యాడ్ల మీదికే.

---

గ్రేట్‌లేక్స్_గారు

బండి సంగతి అందరూ చెప్పారు, రోడ్డు సంగతి నేను.

మన దగ్గర చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచు కరిగినా ఉప్పు పొర ఉంటుంది, పొడిగా తెల్లగా కనపడుతుంది. రెండు మూడు గట్టి వానలు పడి కడిగేదాకా ఆగడం మంచిది. ఆగలేకపోతే తిరిగొచ్చిన రోజే చల్లటి నీళ్లతో బండి కింది భాగం, చైన్, రేడియేటర్ కడగండి. ప్రెషర్ గొట్టం బేరింగుల మీదికి పట్టొద్దు. కడిగాక చైన్‌కి లూబ్ మళ్లీ వేయాలి.

మలుపుల లోపలి అంచున, కూడళ్లలో, డ్రైవ్‌వేలు రోడ్డుని కలిసే చోట ఇసుక, గులకరాళ్లు ఉంటాయి. ఏప్రిల్‌లో పడిపోయేది ఎక్కువగా అక్కడే, వేగం 15 మైళ్లే ఉంటుంది కానీ టైరు జారిపోతుంది. చలికి గడ్డకట్టి కరిగిన నీరు తవ్విన గుంతలు వేరే. నీళ్లు నిలిచిన గుంత లోతు తెలీదు కాబట్టి దాన్ని తప్పించుకుని పోవాలి, పైనుంచి పోకూడదు. నీడ పడే వంతెనల కింద పొద్దున పూట ఇంకా పలచటి మంచు పొర ఉండొచ్చు. 50 ఫారెన్‌హీట్ కంటే తక్కువ ఉంటే టైర్లు సరిగ్గా వేడెక్కవు, మలుపుల్లో ఎప్పటిలా వాల్చొద్దు.

కారు డ్రైవర్లకి అయిదు నెలలుగా బండి కనపడలేదు. ఎదురుగా ఎడమకి తిరిగే కారు మీ ముందుకే వచ్చేస్తుందనుకునే నడపండి.

మన ఒళ్లు కూడా అలవాటు తప్పి ఉంటుంది. మొదటి రోజు ఖాళీ పార్కింగ్ స్థలంలో అరగంట గడపండి. 20 మైళ్ల వేగం నుంచి రెండు బ్రేకులూ కలిపి గట్టిగా ఆపడం, ఎనిమిది ఆకారంలో తిప్పడం, తల తిప్పి వెనక్కి చూస్తూ మలుపు తీసుకోవడం. బయల్దేరేముందు టీ-క్లాక్స్ పద్ధతిలో చూసుకుంటే ఏదీ మర్చిపోరు: టైర్లు, కంట్రోళ్లు, లైట్లు, ఆయిల్, చాసిస్, స్టాండ్లు. బ్రేకు లైటు చూసేటప్పుడు చేతి లీవర్‌తో ఒకసారి, కాలి పెడల్‌తో ఒకసారి విడిగా చూడండి, రెండింటికీ స్విచ్చులు వేరు.

ఇన్సూరెన్స్ చలికాలానికి లే-అప్ (బండి నడపని నెలలకి కవరేజీ తగ్గించుకోవడం) కింద పెట్టి ఉంటే రోడ్డెక్కకముందే ఫోన్ చేసి పూర్తి కవరేజీ మళ్లీ మొదలైందని తేల్చుకోండి. ఆ కాలంలో ప్రమాదం జరిగితే లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టానికి కవరేజీ) ఉండకపోవచ్చు.

మొదటి 30, 40 మైళ్ల తర్వాత బండి చల్లబడ్డాక డ్రెయిన్ బోల్టు, ఫిల్టర్ చుట్టూ తడి ఉందేమో తుడిచి చూడండి. చైన్ వదులు మళ్లీ కొలవండి, టైర్లలో గాలి మళ్లీ కొలిచి చూడండి, కూలెంట్ రిజర్వాయర్ మట్టం దిగిందేమో చూడండి. కొత్త ముందు టైరు వేయించుకుంటారు కాబట్టి మొదటి 100 మైళ్లు గట్టి బ్రేకులు, లోతు వాల్పులు వద్దు. పార్కింగ్ స్థలంలో సాధన కూడా ఆ మైళ్లు అయ్యాకే గట్టిగా చేయండి, ముందు మెల్లగా.